12 కిలోల బాబుకు ఏ డయాలసిస్ సరైనది?

ప్రశ్న (ఒక తల్లి, మధిర):
మా బాబుకు నాలుగేళ్లు, బరువు 12 కిలోలు. మూత్రం వచ్చే దారిలో పుట్టుకతోనే పొర అడ్డుగా ఉంది; పసితనంలోనే ఆపరేషన్ చేయించినా రెండు కిడ్నీలూ క్రమంగా దెబ్బతిన్నాయి. ఇక డయాలసిస్ తప్పదని, పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకోవచ్చని, లేదంటే వారానికి మూడుసార్లు హైదరాబాద్ వచ్చి మిషన్ మీద చేయించాలని డాక్టరుగారు చెప్పారు. రక్తాన్ని నేరుగా శుద్ధి చేసే మిషనే మేలని బంధువులు అంటున్నారు. పిల్లల విషయంలో అది నిజమేనా?

జవాబు (పిల్లల కిడ్నీ విభాగంలో నర్సు):
అమ్మా, మిషన్ వేగంగా శుద్ధి చేస్తుందన్నది నిజమే కానీ, చిన్న పిల్లలు తట్టుకోలేనిది ఆ వేగాన్నే. మీ బాబు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 900 మిల్లీలీటర్లు. అందులో పదో వంతుకు మించి ఒకేసారి పైపుల్లోకి, ఫిల్టర్‌లోకి వెళితే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. పిల్లలకు సరిపోయే చిన్న ఫిల్టర్లు, వాటిని నడిపిన అనుభవమున్న సిబ్బంది అన్ని కేంద్రాల్లోనూ ఉండరు.

పొట్ట డయాలసిస్‌లో పేగులను కప్పి ఉండే పలుచని పొరే ఫిల్టర్. గ్లూకోజు కలిసిన ద్రావణాన్ని మెత్తని గొట్టం ద్వారా లోపలికి పంపి కొన్ని గంటలు ఉంచితే, యూరియా, పొటాషియం రక్తంలోంచి అందులోకి చేరతాయి, గ్లూకోజు అదనపు నీటిని లాగుతుంది. ఈ పని రోజూ జరుగుతుంది కనుక తిండి, నీళ్ల విషయంలో కట్టడి కొంత తగ్గుతుంది. ద్రావణాన్ని దానంతటదే లోపలికి పంపి బయటికి తీసే సైక్లర్ అనే చిన్న మిషన్ ఉంటే రాత్రి నిద్రలోనే పూర్తవుతుంది. బయటికి తీసేసే ద్రావణంతోపాటు ప్రొటీన్ కూడా పోతుంది కాబట్టి ఎంత పెట్టాలో డైటీషియన్‌ను తప్పక అడగండి. పొట్టలో పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కుపోయి ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరకపోవచ్చు.

ప్రశ్న వేసిన తల్లి:
చాలా కృతజ్ఞతలండి. మాది రెండు గదుల ఇల్లు. ఇన్ఫెక్షన్ భయం వదలడం లేదు.

జవాబు (ఒక తండ్రి, విజయవాడ):
అమ్మా, మా పాపకు ఇంట్లోనే చేస్తున్నాం. ప్రత్యేకమైన గది లేకపోయినా ఫరవాలేదు. శుభ్రమైన మూల ఒకటి చాలు. ద్రావణం బ్యాగు మార్చే సమయంలో తలుపు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, ఆసుపత్రిలో నేర్పినట్టే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బయటికి వచ్చిన ద్రావణం మబ్బుగా కనిపించినా, కడుపునొప్పి లేదా జ్వరం వచ్చినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ బ్యాగుతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఖర్చు గురించి ముందే అడగండి: కేంద్రం 2016లో ప్రారంభించిన జాతీయ డయాలసిస్ పథకంలో మొదట మిషన్ పద్ధతే ఉండేది, పొట్ట డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. మీ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో తెలుసుకోండి.

జవాబు (పిల్లల కిడ్నీ వైద్యురాలు):
పై సూచనలు సరైనవే. రెండు విషయాలు చేర్చాలి. రక్త పరీక్షలకు వీలైనంతవరకు అరచేతి వెనుక వైపు నరాల నుంచే రక్తం తీయమని అడగండి. ముంజేతి నరాలు ముందుముందు ఫిస్టులాకు, అంటే మిషన్ డయాలసిస్ కోసం ధమనిని, సిరను ఆపరేషన్‌తో కలిపి చేసే దారికి కావాలి. రెండోది, డయాలసిస్ కిడ్నీ మార్పిడి వరకు నడిపించే చికిత్స. బాబు బరువు దానికి అడ్డు కాదు కానీ, ఈ జబ్బులో మూత్రాశయం కూడా దెబ్బతిని ఉండవచ్చు కనుక దాని పనితీరును ముందే పరీక్షించాలి. మార్పిడి తరువాత తట్టు, ఆటలమ్మ వంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసేవి) సాధారణంగా ఇవ్వరు కాబట్టి, టీకాల కార్డును వచ్చే సందర్శనకు తీసుకువెళ్లి డాక్టరుగారికి చూపించండి.