పాపకి మెడిసిన్ చదవాలనుంది, ఇక్కడ యూనివర్సిటీలు ఎలగ తీసుకుంటాయండీ?

విజయనగరం కంటోన్మెంట్, ఇప్పుడు లెస్టర్:

అందరికీ నమస్కారం అండి. నేను స్టాఫ్ నర్సుగా 2025 జనవరిలో ఇంగ్లండ్ వచ్చాను, మా వారూ పాపా ఆగస్టు 19న దిగారు. పాప టెన్త్ అక్కడే రాసింది, 571 మార్కులు. ఇక్కడ సిక్స్త్ ఫామ్‌లో, అంటే మన ఇంటర్ లాంటిదే, ఇయర్ 12లో జాయిన్ అయి రెండు వారాలైంది, కెమిస్ట్రీ, బయాలజీ, సైకాలజీ తీసుకుంది. చిన్నప్పట్నుంచీ డాక్టర్ అవుతానంటాది. మన దగ్గరైతే నీట్ రాయాలి, ర్యాంకు చూసుకోవాలి, కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి, అంతే కదా. ఇక్కడ వార్డులో ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. యూక్యాట్ అని మెడిసిన్‌కి ఒక ఎంట్రన్స్ ఉందట, అది నీట్ లాంటిదేనా? ఏ కోచింగ్‌లో వెయ్యాలి? ఇప్పట్నుంచే మొదలెట్టాలా? తెలిసినోళ్ళు కొంచెం చెప్పండి.

బొబ్బిలి, లీడ్స్:

చెల్లీ, వెల్కమ్. మా పెద్దమ్మాయి ఇప్పుడు మెడిసిన్ సెకండ్ ఇయర్, కాబట్టి ఈ గొడవంతా ఇంట్లో చూసిందాన్నే. ముందు నీట్ అన్న మాట మర్చిపో. అక్కడ ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, లిస్టులో పైనుంచి కిందకి సీట్లు ఇచ్చుకుంటూ పోతారు. ఇక్కడ ఏ యూనివర్సిటీ లెక్క దానిదే. అందరూ చూసేవి మాత్రం దాదాపు ఇవే: టెన్త్‌తో సమానమైన జీసీఎస్ఈ గ్రేడ్లు, ఇంటర్ లాంటి ఎ లెవెల్స్‌లో ఎన్ని ఏలు వస్తాయని టీచర్లు రాసిచ్చే ప్రెడిక్షన్, యూక్యాట్ స్కోరు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ లేకుండా సీటు దాదాపు ఎక్కడా రాదు, అది గుర్తుంచుకో.

యూక్యాట్‌లో సైన్స్ ఉండదు, సిలబస్ అనేదే లేదు. చదివి అర్థం చేసుకోడం, లాజిక్, లెక్కలు, ఒక్కోదానికి 900, మొత్తం 2700కి. 2025 నుంచి బొమ్మల సెక్షన్ తీసీసారు, పాత పుస్తకాలు కొనకు. వీటితో పాటు డాక్టరు ఇలాంటి పరిస్థితిలో ఏం చెయ్యాలి అనే సెక్షన్ ఒకటి, దానికి మార్కులు కాదు, 1 నుంచి 4 వరకు బ్యాండు ఇస్తారు. బ్యాండ్ 4 వస్తే కొన్ని స్కూళ్ళు అక్కడితోనే పక్కన పెట్టేస్తాయి. నెగెటివ్ మార్కులు లేవు. టైమే కష్టం, మొదటి సెక్షన్‌లో 22 నిమిషాలకి 44 ప్రశ్నలు, మా పిల్ల మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు సగంలో టైమైపోయి ఏడ్చింది. ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు, జూలై నుంచి సెప్టెంబరు లోపల.

అసలు కిటుకు ఇక్కడుంది. స్కోరు ఆ రోజే చేతికొచ్చేస్తాది, అప్లికేషన్‌కి ఆఖరు తేదీ అక్టోబరు 15, సాయంత్రం 6. అంటే స్కోరు చూసుకున్నాకే యూనివర్సిటీలు ఎంచుకోవచ్చు. మెడిసిన్‌కి నాలుగే పెట్టనిస్తారు, ఐదోది వేరే కోర్సు పెట్టుకోవచ్చు. యూక్యాట్ బాగా వస్తే న్యూకాజిల్ లాగ స్కోరు చూసి పిలిచే చోట్లకి, యూక్యాట్ మామూలుగా వచ్చి జీసీఎస్ఈలు బాగుంటే బెల్‌ఫాస్ట్ క్వీన్స్ లాగ వాటికి పాయింట్లు వేసే చోట్లకి వెయ్యాలి. పేరున్న నాలుగు పెట్టీసి నాలుగూ పోగొట్టుకున్న పిల్లల్ని చూసాను, మార్కులు తక్కువై కాదు, చోటు తప్పుగా ఎంచుకుని. మీ పాపకి జీసీఎస్ఈ బదులు మన టెన్త్ ఉంది కదా, దాన్ని ఎలగ లెక్కేస్తారో ప్రతి స్కూలుకీ మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకో.

పలాస, బర్మింగ్‌హామ్:

లీడ్స్ అక్క చెప్పింది కరెక్టే గానీ కోచింగ్ వద్దన్నట్టు రాసారు, అది నేను ఒప్పుకోను. మా అబ్బాయికి ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాం, స్కోరు బాగా పెరిగింది. ఇంకో మాట చెల్లెమ్మా, ఇక్కడ ఇవన్నీ పడేకన్నా పాపని మళ్ళీ విజయనగరం పంపించీసి ఇంటర్ బైపీసీలో వెయ్యి, అమ్మమ్మ దగ్గరుండి నీట్ రాస్తాది. ఇప్పుడు మన జిల్లాల్లోనే కాలేజీలు ఉన్నాయి, విజయనగరంలో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది, శ్రీకాకుళంలో రిమ్స్ ఎప్పట్నుంచో ఉంది, నెల్లిమర్లలో మిమ్స్, రాగోలులో జెమ్స్. నువ్వు ఇక్కడ ఉద్యోగం చేసుకో, పాప అక్కడ చదువుకుంటాది. లేకపోతే జార్జియా ఉంది, ఫీజు తక్కువ, నీట్ కూడా అక్కర్లేదు.

బొబ్బిలి, లీడ్స్:

కోచింగ్ వద్దని నేనెక్కడ అన్నానండీ. అఫీషియల్ సైట్‌లో ప్రాక్టీస్ పరీక్షలు ఫ్రీగా ఉన్నాయి, ముందు అవి అయ్యాక డబ్బు సంగతి చూడమంటాను, అంతే. జార్జియాకి నీట్ అక్కర్లేదన్నది మాత్రం తప్పు. ఇండియాలో ప్రాక్టీస్ చెయ్యాలంటే బయట చదివేవాళ్ళకి కూడా 2018 నుంచి నీట్ క్వాలిఫై అవ్వాలి, పైగా కోర్సు 54 నెలలకి తక్కువ ఉండకూడదు. ఇలాంటివి రాసేముందు చూసుకుని రాయండి, ఒక పిల్ల బతుకు ఇది.

టెక్కలి, హౌన్‌స్లో:

చెల్లెమ్మా, నాను చెప్పీది నువ్వు అడగని సంగతి, కానీ అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది అదే. ఫీజు స్టేటస్, అంటే యూనివర్సిటీ మనల్ని ఇక్కడివాళ్ళ హోమ్ ఫీజులో వేస్తాదా, బయటివాళ్ళ ఓవర్సీస్ ఫీజులో వేస్తాదా అని. పలాస తమ్ముడు పాపని వెనక్కి పంపమన్నాడు కదా, మేం అదే చేసాం, ఏటైందో రాస్తాను, కొంచెం పెద్దదవుద్ది, ఓపిగ్గా చదువు.

మాకు ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, 2017లోనే వచ్చీసింది. పన్నులు కట్టుకుంటూ ఇల్లు కొనుక్కుని ఉన్నాం. పెద్దాడికి మన చదువు గట్టిగా ఉంటాదని 2018లో వైజాగ్‌లో ఇంటర్‌లో వేసాం, హాస్టల్లో రెండేళ్ళు. కోవిడ్‌లో ఫ్లైట్లు దొరక్క దొరక్క 2020 ఆగస్టు 27న ఇక్కడ దిగాడు. తర్వాత ఇక్కడ కాలేజీలో రెండేళ్ళు ఎ లెవెల్స్ చేసాడు, యూక్యాట్ బాగా వచ్చింది, రెండు ఇంటర్వ్యూలు, 2022 మార్చిలో ఆఫర్. ఇంట్లో అందరం ఏడ్చాం. ఏప్రిల్‌లో యూనివర్సిటీ నుంచి ఒక ఫారం వచ్చింది, గత మూడేళ్ళు ఎక్కడున్నారో నెల నెలకీ రాయమని. నిజమే రాసాం, దాచడానికి ఏటుంది.

అక్కడ మొదలైంది. పీ60లు, అంటే ఏడాది జీతం, పన్ను కాగితాలు పంపండి, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు పంపండి, జీపీ, అంటే మన ఏరియా డాక్టరు దగ్గర రిజిస్ట్రేషన్ పంపండి అన్నారు. వాడి పాస్‌పోర్టులో స్టాంపులు ఒక్కొక్కటీ పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, పక్కన తేదీ రాసి, జిరాక్స్ తీసి పంపాను. మూడు వారాలయ్యాక మెయిల్, మీ కాగితాలు మాకు అందలేదని. మళ్ళీ పంపాను. అందాయి, కానీ రెండో పేజీ సరిగ్గా కనపడట్లేదన్నారు. మళ్ళీ. ఫోను చేస్తే నలభై నిమిషాలు పాట, తర్వాత లైను కట్. ఒకరోజు సెలవు పెట్టి రైలెక్కి పోయాను, కౌంటరు దగ్గరున్న అమ్మాయి మంచిదే, కానీ ఆ టీము ఎవర్నీ నేరుగా కలవరని, మెయిలే పెట్టమని చెప్పింది. ఆ లోపల బల్ల మీద మా ఫైలు ఉందో లేదో కూడా చెప్పలేకపోయింది. జూలైలో నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది. ఇంటర్ పూర్తిగా అక్కడే చదివాడు కాబట్టి అది తాత్కాలికంగా వెళ్ళడం కాదు, 2022 సెప్టెంబరు 1కి ముందు మూడేళ్ళు ఇక్కడ నివాసం లేదు, కాబట్టి ఓవర్సీస్ అని. ఏడాదికి 9,250 పౌండ్లు కట్టాల్సిన చోట 38 వేలు. వాడి మార్కుల్లో లోటు లేదు, ఇంటర్వ్యూలో లోటు లేదు. మేం పంపించిన హాస్టలే అడ్డమొచ్చింది.

ఆఖరికి ఒక ఏడాది వాయిదా ఇమ్మని బతిమాలి మెయిల్ పెడితే ఆగస్టు మొదటివారంలో ఒప్పుకున్నారు. 2023 సెప్టెంబరు 1 నుంచి వెనక్కి మూడేళ్ళు అంటే 2020 సెప్టెంబరు 1. వాడు దిగింది ఆగస్టు 27. అయిదంటే అయిదు రోజులు ముందు. ఆ ఏడాదంతా హాస్పిటల్లో హెచ్‌సీఏగా, అంటే హెల్త్‌కేర్ అసిస్టెంటుగా పనిచేసాడు, ఇప్పుడు థర్డ్ ఇయర్. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతాది. అందుకే చెప్తున్నాను, పాపని మాత్రం వెనక్కి పంపకు.

పలాస, బర్మింగ్‌హామ్:

అన్నా మీకు జరిగింది బాధాకరమే, కానీ ప్రతి ఏడాదీ వేసవికి ఆరు వారాలు ఊరికి పోయొచ్చే పిల్లలకి ఇది వర్తించదు, ఆ ముక్క కూడా రాయండి, లేకపోతే జనం అమ్మమ్మ ఇంటికి పంపడానికి కూడా భయపడతారు.

టెక్కలి, హౌన్‌స్లో:

సెలవలకి పోయి రావడం వేరు, చదువుకి పోయి ఉండడం వేరు. నాను రాసింది రెండోదాని గురించే తమ్ముడూ.

రాజాం, కార్డిఫ్:

నేను ప్లాబ్, అంటే బయటి డాక్టర్లు ఇక్కడ పనిచెయ్యడానికి రాసే పరీక్ష, రాసి వచ్చిన డాక్టర్ని, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. మీ పాప తేదీలు వేసి చూసాను, సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

పాప ఇయర్ 13లో, అంటే 2026 అక్టోబరులో అప్లై చేస్తే 2027 సెప్టెంబరు కోర్సు. ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు కావాలంటే మామూలుగా రెండుండాలి, 2027 సెప్టెంబరు 1 నాటికి మూడేళ్ళ నివాసం, ఆ రోజుకి చేతిలో సెటిల్డ్ స్టేటస్, అంటే ఐఎల్ఆర్ లాంటిది. మీకు రెండూ ఉండవు. మూడేళ్ళు 2028 ఆగస్టుకి నిండుతాయి, కానీ ఐఎల్ఆర్ లేదు. ఐఎల్ఆర్‌కి ఇప్పటిదాకా అడిగిన అయిదేళ్ళు మీకు 2030 జనవరికి అవుతాయి, మీ వారికి 2030 ఆగస్టుకి. పిల్లలకి మామూలుగా తల్లిదండ్రులిద్దరికీ వచ్చినప్పుడే ఇస్తారు, మీ ఒక్కరికి వస్తే సరిపోదు. పైగా 2025 మేలో ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన వైట్ పేపర్‌లో అయిదేళ్ళని పదేళ్ళు చేస్తామని రాసారు, ఆ మార్పు మీకు తగిలితే ఈ లెక్కంతా ఇంకా వెనక్కి పోతాది. ఓవర్సీస్‌గా వెళ్తే ఫీజు చాలా చోట్ల ఏడాదికి 40 వేల పౌండ్లు దాటింది, హోమ్ వాళ్ళకి 2025లో 9,535. సీట్లు కూడా తక్కువ, ఇంగ్లండ్‌లో విదేశీ విద్యార్థులకి ఏడున్నర శాతమే. నర్సు జీతంతో అది మోయలేం, నాకు తెలుసు, మా ఆవిడ కూడా నర్సే.

అందుకని రెండు దార్లూ తెరిచి ఉంచండి. సైకాలజీ తీసీసి ఫిజిక్స్ పెట్టించండి, ఈ వారమే. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. ఇక్కడి స్కూళ్ళకి కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే చాలా చోట్ల చాలు కాబట్టి ఎవరూ మీకు ఫిజిక్స్ సంగతి చెప్పరు, రెండేళ్ళయ్యాక ఇండియా వెళ్దామంటే ఆ తలుపు మూసుకుపోయి ఉంటాది. మీరు బయట ఉన్నారు కాబట్టి ప్రైవేటు కాలేజీల్లో 15 శాతం ఎన్ఆర్ఐ కోటాకి పాప అడగొచ్చు, దానికైనా నీట్ క్వాలిఫై అవ్వాల్సిందే. ఎ లెవెల్స్‌కి ఏఐయూ, అంటే ఇండియా యూనివర్సిటీల సంఘం దగ్గర ఈక్వలెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. నీట్ మే మొదట్లో, ఎ లెవెల్ పరీక్షలు మొదలయ్యే ముందు. ఎ లెవెల్ రిజల్ట్స్ ఆగస్టు మధ్యలో. రెండూ ఒకే ఏడాది కుదరడం కష్టం, ఒక ఏడాది గ్యాప్ పెట్టుకుని 2028లో నీట్ రాయించేలా మనసులో లెక్కేసుకోండి.

బొబ్బిలి, లీడ్స్:

రాజాం తమ్ముడు చెప్పింది వందకి వంద. నేను ఎంపిక సంగతి చెప్పానే గానీ తేదీలు వెయ్యలేదు. గ్యాప్ తీసుకుని ఇక్కడే హెచ్‌సీఏగా చేసి ఐఎల్ఆర్ వచ్చాక అప్లై చేసే పిల్లలు కూడా ఉన్నారు, ఇరవై దాటిందని ఇక్కడ ఎవరూ తక్కువగా చూడరు. పేషెంట్ల దగ్గర పనిచేసిన పిల్ల అంటే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి విషయం ఉంటాది.

కవిటి, మాంచెస్టర్:

ఆంటీ, నేను మెడిసిన్ ఫోర్త్ ఇయర్. ఇంటర్వ్యూ ఎలగుంటాదో ఎవరూ రాయలేదు, నాది రాస్తాను. నాకు ఎనిమిది గదులు, ఒక్కో గదిలో ఏడు నిమిషాలు, బెల్ కొట్టగానే పక్క గదికి. ఒక గదిలో ముసలాయన వేషంలో యాక్టరు, ఆయన ఆపరేషన్ క్యాన్సిల్ అయిందని నేను చెప్పాలి. లోపలికి వెళ్ళగానే కారణాలు చెప్పీడం మొదలెట్టాను, ఆయన తలదించుకుని కోటు బొత్తం తిప్పుతున్నాడు, వినట్లేదు. అప్పుడు ఆగి, సారీ చెప్పి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అని అడిగాను. ఏమీ తినలేదట, ఆపరేషన్ కదా. అక్కడ్నుంచి మాట కలిసింది.

ఇంకో గదిలో నువ్వు ఎవర్నైనా చూసుకున్నావా అన్నారు. మాది ఉద్దానం కదా, మా తాతకి కిడ్నీలు పోయాయి, సోంపేటలో డయాలసిస్‌కి తీసికెళ్ళేవాళ్ళం. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. వేసవిలో జీడితోటలోంచి వచ్చి చెంబు నీళ్ళు అడిగితే నేను చిన్న స్టీలు గ్లాసులో ఇచ్చేదాన్ని, ఆయన దాని వంక చూసి ఏమీ అనకుండా తాగేసేవారు. డాక్టరు చెప్పిందని ఇవ్వకపోవడం తేలిక, ఆయన అడిగినప్పుడు కళ్ళలోకి చూసి లేదని చెప్పడం తేలిక కాదు అని చెప్పాను. పుస్తకంలో చదివిన మాట అక్కడ ఒక్కటీ చెప్పలేదు. అప్లికేషన్లో కూడా ఇప్పుడు పెద్ద వ్యాసం లేదు, మూడు ప్రశ్నలకి జవాబులు, మొత్తం 4,000 అక్షరాలు, అందులో ఒకటి చదువు బయట ఏం చేసావని. పాపని ఇప్పట్నుంచీ శనివారాలు కేర్ హోమ్‌కి పంపండి. రోజూ ఏం చూసిందో రెండు లైన్లు నోట్‌బుక్‌లో రాసుకోమనండి, ఏడాదయ్యాక గుర్తుండదు.

విజయనగరం కంటోన్మెంట్, లెస్టర్:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నైటు డ్యూటీ దిగి బస్సులో కూర్చుని మొత్తం రెండుసార్లు చదివాను. ఫీజు స్టేటస్ అన్న మాటే ఇప్పటిదాకా వినలేదు నేను, మా వారు కూడా. రాత్రంతా ఆయన పాస్‌పోర్టులు తీసి తేదీలు కాగితం మీద వేస్తూ కూర్చున్నారట. స్కూలుకి ఫోన్ చేసాను, సబ్జెక్టు మార్చడానికి ఈ శుక్రవారం దాకా టైముందట, రేపు పొద్దున్న 8:40కి సిక్స్త్ ఫామ్ హెడ్ దగ్గర అపాయింట్‌మెంట్. పాప సైకాలజీ వదలడానికి కొంచెం మొహం ముడిచింది గానీ కవిటి అమ్మాయి రాసింది చదివి వినిపిస్తే లేచి వెళ్ళి నోట్‌బుక్ తెచ్చుకుంది. టెక్కలి అన్నా, మీ దగ్గరున్న ఆ ఫీజు ఫారం ఖాళీ కాపీ ఉంటే పంపగలరా, ఏ కాగితాలు ఇప్పట్నుంచీ దాచుకోవాలో చూసుకుంటాం.

టెక్కలి, హౌన్‌స్లో:

సాయంత్రం పంపుతాను తల్లీ. ఆగస్టు 19 బోర్డింగ్ పాసులు పారీకండి.