వర్సిటీల్లో పనిని బట్టి జీతం: పెట్టాలా, వద్దా?

అనంత వాసి:
కష్టపడి పాఠం చెప్పే మాస్టారికీ, సంతకం పెట్టి వెళ్లిపోయే మాస్టారికీ ఏడాదికి అదే 3 శాతం ఇంక్రిమెంటు. అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ), కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ వర్సిటీ, ఎక్కడైనా మాస్టార్లకు యూజీసీ (వర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) స్కేలే. నెలకు 57,700 బేసిక్‌తో చేరాక, ఏం చేశావని అడిగేది ప్రమోషన్ ఫైలు కదిలినప్పుడే. జీతంలో పదో వంతు పనిని బట్టి ఇస్తే ఏం నష్టం? నాన్ టీచింగ్‌కు కూడా.

సీమ రీసెర్చర్:
నష్టమేమిటో ఇదివరకే చూశాం అన్నా. 2010లో యూజీసీ ప్రమోషన్లకు ఏపీఐ మార్కులు తెచ్చింది, అంటే చేసిన పనికి ఇన్ని అని లెక్కగట్టే మార్కులు. రిఫరీడ్ జర్నల్‌లో, అంటే నిపుణులు పరిశీలించాకే అచ్చేసే పత్రికలో, పరిశోధన పేపరుకు 15, ఆ పరిశీలన లేకున్నా ఐఎస్ఎస్ఎన్ అనే పత్రికల రిజిస్ట్రేషన్ నంబరుంటే 10. ఇంకేం, డబ్బు కడితే అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒక్క పేపరును మూడు ముక్కలు చేసిన మహానుభావులు నాకు తెలుసు. చివరికి 2018లో కాలేజీ టీచర్లకు ఆ లెక్కే తీసేశారు.

అనంత వాసి:
పేపర్లు వద్దు, పిల్లల ఫీడ్‌బ్యాక్ తీసుకోండి.

సీమ రీసెర్చర్:
ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న సారు గురించి పిల్లలు ఏం రాస్తారు? పోనీ మార్కులు హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) వేస్తాడా? ఆ కుర్చీ వంతులవారీగా తిరుగుతుంది. ఇప్పుడు నేను నీకు, తర్వాత నువ్వు నాకు. అయితే అందరికీ తొంభై, లేదంటే పాత పగలు.

ఎగ్జామ్ సెక్షన్:
నాన్ టీచింగ్ మాట ఎత్తి వదిలేశారు. ఖాళీ అయిన సీట్లు నింపరు, నలుగురి పని ఇద్దరం చేస్తున్నాం. ఆలస్యం వాల్యుయేషన్లో జరిగినా మార్కుల మెమో కోసం వచ్చినవాళ్లతో కౌంటర్ దగ్గర తిట్లు తినేది మేమే. ఇందులో నా పర్ఫార్మెన్స్ ఎంతని తేలుస్తారు? ఇస్తే సెక్షన్ మొత్తానికి ఇవ్వండి. రిజల్ట్స్ చెప్పిన తేదీకి వస్తే అటెండర్ నుంచి సూపరింటెండెంట్ దాకా తలా ఒకే మొత్తం. దానికైతే నేను రెడీ.

గెస్ట్ మాస్టారు:
నాకు ఇప్పటికే పనిని బట్టి జీతం! క్లాసు చెబితేనే డబ్బులు, వేసవిలో సున్నా. పీరియడ్‌కు 1,500 దాకా, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది. నాకు అందులో సగం కూడా రాదు, వచ్చేదీ నెలలు గడిచాకే. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ పాసయ్యాను, పీహెచ్‌డీ ఉంది. మీ లెక్క నిజమైతే మా డిపార్ట్‌మెంట్లో అందరికన్నా బాగా చెప్పేది నేనే కావాలి. కానీ నేను పీరియడ్లు లెక్కపెట్టుకుంటున్నాను సార్. క్లాసయ్యాక డౌటుందని పిల్లాడు ఆపితే, ఆ అరగంటకు బిల్లు లేదు.

అనంత వాసి:
మీకు జరిగేది అన్యాయమే. కానీ అది తీరేదాకా పర్మనెంట్ వాళ్లను ఏమీ అడగకూడదంటే ఒప్పుకోను. కనీసం క్లాసుకే రానివాళ్ల ఇంక్రిమెంటు ఆపొచ్చుగా?

సీమ రీసెర్చర్:
ఇంక్రిమెంటు ఆపే శిక్ష సర్వీస్ రూల్స్‌లో ఎప్పటినుంచో ఉంది. క్లాసు ఎగ్గొట్టినందుకు దాన్ని వాడిన వీసీని (వైస్ ఛాన్సలర్‌ని) ఒక్కరిని చూపించండి. కొత్త స్కీమ్ సంగతి అప్పుడు మాట్లాడదాం.