హోంస్కూలింగ్ మొదలుపెట్టి మూడు నెలలు: పాఠాలు అవుతున్నాయి, మనసు కుదుటపడటం లేదు

ప్రశ్న (టెక్సస్, కొత్తగా వచ్చిన అమ్మ)

అందరికీ నమస్కారం. మేము ఇక్కడికి వచ్చి ఆరు నెలలైంది. బాబుకి 8 ఏళ్లు, పాపకి 5. బాబు రెండు నెలలు స్కూలుకి వెళ్లాడు కానీ అస్సలు కుదురుకోలేదు. రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. ఇంట్లోనే చదివిద్దామని మేమిద్దరం అనుకుని మాన్పించాం. నాది హెచ్-4, అంటే మా ఆయన ఉద్యోగ వీసా మీద వచ్చిన వీసా; ఉద్యోగం చేసే వీలు లేదు కాబట్టి చదువంతా నేనే చూస్తున్నాను. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3 దాకా టైంటేబుల్ ప్రకారం కూర్చోబెడుతున్నాను. పాఠాలు అవుతున్నాయి. కానీ సాయంత్రానికి వాడికి నా గొంతు వింటేనే చిరాకు, నాకు వాడి పుస్తకం చూస్తేనే నీరసం. మీ ఇళ్లలో రోజు ఎలా గడుస్తుంది? ఇంట్లో మళ్లీ హాయిగా అనిపించే రోజు వస్తుందా?

జవాబు (టెక్సస్, తొమ్మిదేళ్లుగా ఇంటి చదువు)

అమ్మా, ముందు ఒక సంగతి చెప్పండి. బాబుని మాన్పించినప్పుడు స్కూలుకి రాసి ఇచ్చారా, నోటితో చెప్పి వచ్చేశారా? ఎందుకు అడుగుతున్నానంటే నేను నోటితో చెప్పి వచ్చేశాను, ఆ తర్వాత నెల రోజులు నరకం చూశాను.

అప్పుడు మా పెద్దవాడు నాలుగో క్లాసు. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, సోమవారం నుంచి వాణ్ణి ఇంట్లో చదివిస్తామని చెప్పాను. అక్కడున్నావిడ సరేనని తలూపి ఏదో రాసుకుంది. పని అయిపోయిందనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండా ఇంటికి ఉత్తరం వచ్చింది: పిల్లవాడు కారణం లేకుండా బడికి రావడం లేదు, ఇలాగే సాగితే విషయం కోర్టుకి వెళ్తుంది అని. వీసా మీద ఉన్నవాళ్లకి కోర్టు అన్న మాట కనబడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. మర్నాడు పరుగున వెళితే, సిలబస్ తెచ్చి చూపించాలి, ప్రిన్సిపాల్ ముందు కూర్చుని సంతకం పెట్టాలి అన్నారు. తెచ్చాను. చూడాల్సినావిడ లేదు, రేపు రండి అన్నారు. మూడుసార్లు తిరిగాను, చిన్నదాన్ని చంకనేసుకుని. చివరికి ఇంటి చదువు కుటుంబాలు కలిసి నడిపే కో-ఆప్‌లో ఒకావిడ చెబితే సంతకం, తేదీ వేసి ఒక్క పేజీ ఉత్తరం, పంపినట్టు రసీదు ఇచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. వారంలో పేరు తీసేశారు. ఆ ఒక్క పేజీ మొదటి రోజే పంపి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

మన రాష్ట్రంలో ఇంటి చదువుని ప్రైవేటు స్కూలు కింద లెక్కేస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో తేల్చిన మాట అది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ ఉంటే చాలు. పరీక్షలు లేవు, ఎవరూ ఇంటికి వచ్చి చూడరు. కానీ పబ్లిక్ స్కూల్లో పేరున్న పిల్లవాణ్ణి మాన్పిస్తే మాత్రం ఉత్తరం ఇచ్చేయడమే మంచిది.

జవాబు (న్యూయార్క్, ఇద్దరబ్బాయిల నాన్న)

అక్క చెప్పింది టెక్సస్ మాట. ఈ గ్రూపు చదివే మిగతావాళ్లు అదే అందరికీ అనుకోవద్దు. మాకు ఏటా జులై 1 లోపు స్కూల్ డిస్ట్రిక్టుకి తెలియజేయాలి, ఏం చదివిస్తామో ప్లాన్ ఇవ్వాలి, ఏడాదికి నాలుగు రిపోర్టులు పంపాలి. ఆరో క్లాసు దాకా ఏడాదికి 900 గంటల చదువు, ఆ పైన 990. అందుకని మా ఇంట్లో రోజూ ఐదు గంటలు గట్టిగా జరగాల్సిందే. ప్రశ్న అడిగిన అమ్మ 8 నుంచి 3 దాకా కూర్చోబెట్టడంలో తప్పేమీ లేదు. పిల్లలకి అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది, అంతే.

జవాబు (న్యూజెర్సీ, ముగ్గురు పిల్లల అమ్మ)

900 గంటలంటే 900 గంటలూ బల్ల దగ్గరే అని ఎక్కడా లేదు తమ్ముడూ. లైబ్రరీలో చదివినదీ, తోటలో ఆకులు ఏరి బొమ్మ గీసినదీ చదువే. మీరు రిపోర్టులో అవి రాయరా? మా రాష్ట్రంలో అయితే ముందుగా తెలియజేయాలన్న నిబంధన కూడా లేదు. అయినా మా పిల్లలు ఎక్కడా వెనకబడలేదు.

జవాబు (న్యూయార్క్, ఇద్దరబ్బాయిల నాన్న)

రాస్తాం అక్కా, కాదనను. కానీ లెక్కలు మాత్రం రోజూ బల్ల దగ్గరే జరగాలి. మా వాడికి ఒక ఏడాది 'ఇష్టం వచ్చినప్పుడు చేద్దాం' అని వదిలేస్తే భిన్నాల దగ్గర ఆగిపోయాడు. మళ్లీ దారిలో పెట్టడానికి ఆరు నెలలు పట్టింది. అప్పుడు వాడు పడ్డ బాధ నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

జవాబు (ఇంగ్లండ్, పాప ఇంటి దగ్గరే)

ఇక్కడ 1996 విద్యా చట్టం ఏడో సెక్షన్ ప్రకారం పిల్లల వయసుకీ, శక్తికీ తగిన పూర్తికాలపు చదువు ఉండాలి, బడిలోనైనా సరే, మరోలాగైనా సరే. మామూలు బడి అయితే హెడ్‌టీచర్‌కి రాసిస్తే చాలు. కౌన్సిల్‌ నుంచి అప్పుడప్పుడు ఉత్తరం వస్తుంది, ఏం చదివిస్తున్నారో మర్యాదగా రెండు పేజీలు రాసి పంపుతాను. మరో మాట. హెచ్-4లో ఉన్న మా చెల్లి కో-ఆప్‌లో డబ్బు తీసుకుని క్లాసు చెబుదామనుకుంటే, వర్క్ పర్మిట్ లేకుండా కుదరదని వాళ్ల లాయరు చెప్పారు. మన పిల్లలకి మనం చెప్పుకోవడానికి అడ్డు లేదు.

జవాబు (జర్మనీ, ఒక నాన్న)

మాకు ఆ అవకాశమే లేదు. ఇక్కడ బడికి పంపడం తప్పనిసరి, ఇంటి చదువుని ఒప్పుకోరు. 2006లో ఒక కుటుంబం యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లినా లాభం లేకపోయింది. మీకు దొరికింది చిన్న వరం కాదమ్మా. బడి నుంచి వచ్చాక సాయంత్రం అరగంట మా అమ్మాయికి తెలుగు చెబుతాను, మా ఇంట్లో అందరం ఎదురుచూసేది ఆ అరగంట కోసమే.

జవాబు (కాలిఫోర్నియా, పిల్లలు పెద్దవాళ్లయిన అమ్మ)

అందరూ కాగితాల గురించి చెప్పారు, అవీ కావాలి. నేను ఏటా అక్టోబరు 1 నుంచి 15 లోపు మా ఇల్లే ప్రైవేటు స్కూలని రాష్ట్రానికి అఫిడవిట్ ఫైల్ చేసి, ఇక ఆ ఏడాదికి దాని సంగతి మర్చిపోయేదాన్ని. కానీ ఆ అమ్మాయి అడిగింది కాగితాల గురించి కాదు. ఇంట్లో హాయి ఎప్పుడొస్తుందని అడిగింది.

అమ్మా, మొదటి ఏడాది నేనూ మీలాగే చేశాను. గోడకి టైంటేబుల్, బల్ల మీద గంట. ముప్పై మంది పిల్లలుంటే ఆ ఏర్పాటు కావాలి. ఇద్దరున్న ఇంట్లో ఎందుకు చెప్పండి? అక్కడ ఒక పాఠానికి గంట పడితే ఇక్కడ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిదేళ్లవాడికి రెండు గంటల బల్ల చదువు నా లెక్కన చాలు. పైగా బాబు బడిలో బాధపడి వచ్చాడు. అలా వచ్చినవాళ్లని కొన్నాళ్లు ఊపిరి తీసుకోనివ్వాలి. మా వాళ్లు దీన్ని డీస్కూలింగ్ అంటారు. బడికెళ్లిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల అని లెక్క చెబుతారు కానీ, నేను లెక్క చూడలేదు, పిల్లవాడి ముఖం చూశాను.

మా అబ్బాయికి అప్పు తీసుకుని తీసివేయడం ఎన్ని వర్క్‌షీట్లు చేసినా ఎక్కలేదు. ఒకరోజు వాళ్ల నాన్న పుస్తకాల అర బిగిస్తున్నారు. స్క్రూలు పదేసి చొప్పున నాలుగు చిన్న ప్యాకెట్లు, విడిగా ఎనిమిది. 'పంతొమ్మిది ఇవ్వరా' అన్నారు. వీడు ఒక ప్యాకెట్ ఇచ్చాడు, విడి ఎనిమిదీ ఇచ్చాడు, ఖాళీ చెయ్యి చూసుకుని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా 'ఇంకో ప్యాకెట్ విప్పాలి కదా' అన్నాడు. విప్పాడు, ఒకటి ఇచ్చాడు, మిగిలినవి తనే లెక్కపెట్టి 29 అన్నాడు. నేను వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, నోరెత్తలేదు. ఆ రోజు ఇంకేమీ చదివించలేదు.

న్యూయార్క్ తమ్ముడి మాటా నిజమే, లెక్కలు వదిలేస్తే తర్వాత కష్టం. రోజూ పావుగంట చేయించండి. వాడు బాగా చేస్తున్నప్పుడే ఆపేయండి, విసుగొచ్చేదాకా లాగొద్దు. మరో ముఖ్యమైన సంగతి, మధ్యాహ్నం ఒక గంట ఎవరి మూల వాళ్లదే. పాప బొమ్మలతో, బాబు పుస్తకంతో, మీరు మీ ఇష్టంతో. ఆ గంటలో ఇల్లు సర్దకండి. నాకు ఆ గంట లేని రోజుల్లో పిల్లల మీద అరిచేదాన్ని, ఆ అరుపులు ఇప్పటికీ గుర్తొచ్చి బాధేస్తుంది. సాయంత్రం ఒక పని వాళ్ల నాన్నకి అప్పజెప్పండి. మా ఇంట్లో కథ చదివే పని ఆయనది.

జవాబు (న్యూజెర్సీ, ముగ్గురు పిల్లల అమ్మ)

ఆ గంట సంగతి మా ఇంట్లోనూ అంతే. అలాగే పాపకి ఇప్పుడే తెలుగు అక్షరాలు మొదలుపెట్టండి. మా చిన్నదానికి ల, ళ తేడా వినబడేది కాదు. నా గడ్డం పట్టుకుని నోట్లోకి తొంగి చూసింది, నాలుక ఎక్కడ తగులుతోందోనని. పదిసార్లు 'కల, కళ' అనిపించుకుంది. తర్వాత తన నోరు అద్దంలో చూసుకుంటూ పడుకునేదాకా అదే పని. ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే కూడా కంగారు పడొద్దు, 14 ఏళ్లు నిండితే అక్కడి జాతీయ ఓపెన్ స్కూలు ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి రాయొచ్చు.

జవాబు (ప్రశ్న అడిగిన అమ్మ)

అందరికీ చాలా థాంక్స్. నేను స్కూలుకి ఈమెయిల్ పంపాను కానీ వాళ్ల నుంచి జవాబు రాలేదు. ఉత్తరం రాసి సంతకం పెట్టాను, రేపు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపిస్తాను. టెక్సస్ అక్కా, ఇంటి చదువు మొదలైన తేదీ దగ్గర మాన్పించిన రోజే వేశాను, సరేనా?

టైంటేబుల్ నిన్న గోడ మీంచి తీసేశాను. ఈరోజు పదకొండింటికే పుస్తకాలు మూసేశాం. బాబు చాలాసేపు ఏమీ చేయకుండా కిటికీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత తనంతట తానే పాపని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చదివి వినిపించాడు. నేను పక్క గదిలోంచి విన్నాను. రెండుచోట్ల తప్పు చదివాడు, దిద్దలేదు.

జవాబు (టెక్సస్, తొమ్మిదేళ్లుగా ఇంటి చదువు)

సరిపోతుందమ్మా. రసీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, ఈమెయిల్ కూడా ఒక కాపీ ప్రింట్ తీసి దాంతో పెట్టండి.