8.33 స్కానర్ ఇప్పుడే కొనాలా?

గుణుపురం కుర్రాడు:
విమానాల మాటలు వినే నా పాత స్కానర్‌లో 25 కిలోహెర్ట్జ్ స్టెప్ (ఒక ఛానెల్ నుంచి పక్కదానికి జరిగే దూరం) ఒక్కటే ఉంది. యూరప్‌లో ఛానెళ్ల మధ్య దూరం 8.33 కిలోహెర్ట్జ్‌కి మార్చారు కాబట్టి పాతవన్నీ దండగేనని ఒక వీడియోలో చెప్పారు. కొత్తది కొనమంటారా?

జయపురం రేడియో:
కొనెయ్. వాళ్లు ఒక్కో 25లో మూడు ఛానెళ్లు ఇరికించారు. 1999లో 24,500 అడుగుల పైన మొదలుపెట్టి, 2018 నాటికి కింద ఎగిరే చిన్న విమానాల దాకా తెచ్చారు. మనకూ రేపో మాపో వస్తుంది.

రాయగడ మాస్టారు:
రేపో మాపో అంటూ కుర్రాడి చేత డబ్బు పెట్టించకు నాయనా. ఇక్కడ నాకు చిక్కినవన్నీ 25 మీదే ఉన్నాయి. అసలు అడ్డు మన కొండలు. 35,000 అడుగుల మీద వెళ్లే విమానం నాలుగొందల కిలోమీటర్ల నుంచి కూడా వినిపించవచ్చు. విశాఖ టవర్ మాట మాత్రం తూర్పు కనుమలు దాటి రాదు. పైలట్ జవాబే వింటాం, అవతలి ప్రశ్న మనమే ఊహించుకోవాలి, సగం ఫోన్ సంభాషణ విన్నట్టు. ఏ స్కానర్ కొన్నా ఇంతే. 56 సెంటీమీటర్ల తీగతో యాంటెనా చేసి డాబా మీద పెట్టు. మోడ్ ఏఎమ్‌లో ఉందో లేదో చూసుకో, ఎఫ్ఎమ్‌లో పెట్టి ఏమీ రావట్లేదనే వాళ్లే ఎక్కువ.

పర్లాకిమిడి పాతకాపు:
ఇంకో సంగతి. 8.33లో డయల్ మీద కనిపించే అంకె ఛానెల్ పేరు మాత్రమే. 118.010 అంటే అసలు 118.0083 మెగాహెర్ట్జ్. 5 కిలోహెర్ట్జ్ స్టెప్ ఉన్న పాత సెట్‌లో 118.010 పెడితే తేడా రెండు కిలోహెర్ట్జ్ కూడా ఉండదు, ఏఎమ్‌లో మాట తెలిసిపోతుంది. ఆ వీడియో చేసినాయనకు ఇది తెలియకేం, అమ్ముకోవాలిగా!

జయపురం రేడియో:
మాట తెలుస్తుంది సరే, మనకు కావాల్సిన ఛానెల్‌ను వేరుచేసే ఫిల్టర్ వెడల్పుగా ఉంటే పక్క ఛానెల్ కూడా చొరబడుతుంది కదా?

రాయగడ మాస్టారు:
చొరబడటానికి ఇక్కడ పక్క ఛానెల్ ఏదీ? ఆ రద్దీ యూరప్‌ది.

గుణుపురం కుర్రాడు:
డాబా మీద పాత డిష్ పైపు ఉంది, దానికే కడతాను. జయపురం అన్నా, ఇటువైపు 8.33 ఛానెల్ ఏదైనా చిక్కితే చెప్పు.

జయపురం రేడియో:
చెబుతాలే. నీ స్కానర్‌లో 5 స్టెప్ కూడా లేదుగా, నంబరు ఇచ్చినా ఎక్కడ పెడతావు?