కోడికూర వద్దన్నంత మాత్రాన మనల్ని చులకన చేసినట్టా?

ప్రశ్న:
హైదరాబాదులోని మా కార్యాలయంలో కొత్తగా చేరిన ముస్లిం సహోద్యోగికి మొన్న మా ఇంటి కోడికూర వడ్డించబోతే, ఆయన మర్యాదగా వద్దని, పప్పూ మామిడికాయ పచ్చడీ మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు. "మన కూర ఆయనకు పనికిరాదు కాబోలు" అని పక్కవారు గొణిగారు. నాకూ మనసు చివుక్కుమంది. ఇది చిన్నచూపేనంటారా?

జవాబు 1:
పప్పు మళ్ళీ వేయించుకున్న మనిషి మీ చేతి వంటను కాదన్నట్టు ఎలా అవుతుంది? దైవనామం స్మరించి కోసిన హలాల్ మాంసమే తినాలన్నది ఆయన నియమం కాబట్టి, అభ్యంతరం కోడిని కోసిన తీరుకే గాని వండిన చేతికి కాదు.

జవాబు 2:
నేను అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ బయటి తిండి ముట్టలేదు. పుట్టినరోజు కేకు వద్దన్నా "స్వామి కదా" అని పక్కకు జరిగారే తప్ప, నాకు పొగరని ఒక్కరూ అనలేదు. అదే పట్టింపు పరమతస్థుడు చూపితే దురుద్దేశం వెతకడం నాకు వింతగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఆయననే అడిగాను. మాంసం ఎక్కడ కొన్నారని ఆ రోజు అడగడానికి మొహమాటపడ్డారట. తీరా చూస్తే మేము కొనేదీ మా వీధి చివరి హలాల్ దుకాణంలోనే!