సమస్యాపూరణం: ‘అప్పు దీర్పఁబోయి యాలి నమ్మె’

గత ఆదివారం రవీంద్రభారతిలో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం చూసి వచ్చాక ఈ ఆటవెలది (నాలుగు పాదాల తెలుగు ఛందం) పాదాన్ని మా సభ్యులకు సమస్యగా ఇచ్చాను. వినడానికి పొసగనట్టుండే ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడమే పూరణ. వారణాసి సీనులో హరిశ్చంద్రుడు రాగం అందుకోగానే ‘వన్స్‌మోర్’ అనబోయిన నా పక్క సీటు పెద్దాయన, వెనుక వరుసలో ఒక చిన్నపిల్ల “అమ్మను ఎందుకు అమ్ముతున్నాడు?” అని అడగడంతో, లేచినవారు లేచినట్టే కూర్చుండిపోయారు. నా సమస్యకు ఆ ప్రశ్నే మూలం.

నల్లకుంట సభ్యుల పూరణ:

మాట కొఱకు రాజ్య మంతయు విడనాడి
కాశి వీధి నిలిచి కంఠ మెత్తి
ధనము నిచ్చువారి కడఁ జేరి భూపతి
యప్పు దీర్పఁబోయి యాలి నమ్మె

ధార బాగున్నది గాని మూడవ పాదంలో ‘ధ’కు ‘క’తో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) కుదరదు, ‘కడ’ తీసి ‘దరి’ అంటే సరిపోతుంది. అంతకన్నా పెద్ద లోటు, ఇది కథ చెప్పిందే తప్ప సమస్యను విప్పలేదు.

కూకట్‌పల్లి సోదరి పూరణ:

చీటి పాడి ఋణము చేసిన మగవాఁడు
నగలు కావు, లెక్క నడుపు తెలివి
కలదు తనకు ననిన కాంతను గని మెచ్చి
యప్పు దీర్పఁబోయి యాలి నమ్మె

‘ఆలిని అమ్మె’ అన్నా ‘ఆలిని నమ్మె’ అన్నా పద్యంలో ‘ఆలి నమ్మె’ అనే రూపమే వస్తుందన్న కిటుకును పట్టుకొని, అమ్మకాన్ని నమ్మకంగా మార్చిన తీరుకు నేను చప్పట్లు కొట్టాను. ‘మగవాఁడు’ కొంత వచనంలా వినిపించినా, చీటీపాట పద్యంలోకి ఇంత సహజంగా రావడం ముచ్చటగా ఉన్నది.

మల్కాజిగిరి మాస్టారి పూరణ:

కొడుకు నెత్తుకొనుచుఁ గోమలి కాశిలోఁ
బతిని వెంబడించి పలుక కుండ
మగని మాట నిలుప మన వంతు గద యని
యప్పు దీర్పఁబోయి యాలి నమ్మె

ఇక్కడ ఆలి కర్మ కాదు, కర్త. ‘బోయి’కీ ‘నమ్మె’కూ కర్త ఒక్కరే కావాలన్న నియమమూ చెడలేదు. అయితే ‘పలుక కుండ’ అన్న మాట నాకు నచ్చలేదు. మార్కండేయ పురాణంలో తనను అమ్మి బాకీ తీర్చమని నోరు తెరిచి చెప్పేది భార్యే. ఆమెను మూగను చేస్తే, ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషినీ పక్కకు తప్పించినట్టవుతుంది. మాస్టారు ఆ పాదాన్ని తిరగరాస్తామన్నారు. నల్లకుంటవారు ‘దరి’ సవరణకు ఒప్పుకొని, ఇంకొక పూరణ పంపుతామన్నారు, ఈసారి ఆలిని అమ్మకుండా.