యాంటీబెల్లంలో బెల్లం లేదు

అట్లాంటాలో ఉండే మా అన్నయ్య కూతురు ఒక పాత బంగళా ఫోటో పంపింది. "బాబాయ్, బోర్డు మీద యాంటీబెల్లం హోమ్ అని ఉంది. బెల్లం పడనివాళ్ల ఇల్లా?" అని అడిగింది. నవ్వుకున్నాను కానీ, పొరపాటుకు కారణం ఉంది.

లాటిన్‌లో 'ఆంటె' అంటే ముందు, 'బెల్లుమ్' అంటే యుద్ధం. వ్యతిరేకమనే అర్థమిచ్చే 'ఆంటి' గ్రీకుది. మూలాల్లోకి వెళితే రెండూ చుట్టాలే గానీ, ఇప్పుడు ఎవరి కాపురం వారిది. యాంటీబయాటిక్‌లో ఉన్నది గ్రీకుది. గర్భిణుల యాంటీనేటల్ చెకప్‌లో ఉన్నది లాటిన్‌ది, అంటే కాన్పుకు ముందు అని. గడియారంలో ఏ.ఎం. అన్నప్పుడు ఆ 'ఏ' కూడా ఇదే. పలకడంలో అన్నీ యాంటీలే అయిపోయాయి.

ఇక బెల్లుమ్. ఎన్నికలు రాగానే మన పేపర్లలో కనిపించే 'రెబల్ అభ్యర్థి' ఈ ఇంటివాడే. ఓడినవాడు మళ్లీ యుద్ధానికి దిగితే లాటిన్‌లో 'రెబెల్లిస్'. టికెట్ రాని నాయకుడికి భలే సరిపోయింది!

అలా యాంటీబెల్లం అంటే 'యుద్ధానికి ముందటి' అని. మాట ప్రకారం ఏ యుద్ధానికైనా వాడొచ్చు. అమెరికాలో మాత్రం ఒకే యుద్ధం గుర్తొస్తుంది: 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలడంతో మొదలై 1865 దాకా సాగిన అంతర్యుద్ధం. దానికి ముందు దక్షిణాదిలో పత్తి తోటల యజమానులు కట్టుకున్న తెల్లటి స్తంభాల బంగళాలకు ఈ విశేషణం అతుక్కుపోయింది. వాటి వెనక బానిసల గుడిసెలుండేవి. 1860 జనాభా లెక్కల్లో బానిసలే దాదాపు 40 లక్షల మంది. అందుకే 2020లో 'లేడీ యాంటీబెల్లం' అనే సంగీత బృందం పేరులోంచి ఆ మాట తీసేసి 'లేడీ ఏ' అయింది.

"దీనికి తెలుగులో 'యుద్ధపూర్వ' అంటే చాలదా?" అని ఒకరు అడిగారు. చాలదండీ. అలా రాస్తే మనవాళ్లకు రెండో ప్రపంచ యుద్ధమే తడుతుంది. సంధి పత్రాల్లో వచ్చే 'స్టేటస్ కో యాంటీ బెల్లం'కైతే 'యుద్ధపూర్వ స్థితి' చక్కగా సరిపోతుంది. బ్రిటన్, అమెరికాల మధ్య 1814లో కుదిరిన ఘెంట్ సంధిలో ఎవరి భూములు వాళ్లకు తిరిగిచ్చింది ఈ పద్ధతిలోనే. బంగళా దగ్గరికొస్తే 'అంతర్యుద్ధానికి ముందటి' అనాలి. నన్నడిగితే 'బానిసత్వపు రోజుల నాటి' అనే రాస్తాను. మా అమ్మాయికీ అదే చెప్పాను.